పడవ గడియారం

నొల్బెర్తో కంప్యూటరు పడవలో ఉంటుంది,
బిస్కెట్ల డబ్బాలో, తువ్వాలు చుట్టుకుని.
నాది కాస్ట్రోలో,
నీళ్ళలో గుంజల మీద నిలబడ్డ మా షెడ్డులో.
రెండింటికీ ఒకటే పని:
ఏ దీవిలో ఎవరి పొగగొట్టం ఎప్పుడు దులపాలో
గుర్తుంచుకోవడం.

శాంతియాగో నుంచి వచ్చిన కుర్రాడొకడు చెప్పాడు,
అంతా పైకి పంపెయ్యండి,
పెద్ద యంత్రం ఒకటుంది, అదే చూసుకుంటుందని.
పైన అంటే ఎక్కడ బాబూ అన్నాను.
కిటికీలోంచి మబ్బు చూపించాడు.
చిలోయెలో పుట్టినవాడైతే ఆ మాట అనడు.
ఇక్కడ మబ్బుకి ఏదిచ్చినా
తడిసే తిరిగొస్తుంది.

అందుకని శనివారాలు
పడవ కట్టేసి, డబ్బా మూత తీస్తాడు.
బల్ల మీద రెండు యంత్రాలు ఎదురెదురుగా,
మధ్యన మూరెడు తీగ.
పిట్టగోడ మీంచి చక్కెర గిన్నె చేతులు మారినట్టు
కొన్ని పేర్లు అటు, కొన్ని తేదీలు ఇటు.
లెముయ్ టీచరమ్మ ఫోను నంబరు మారింది.
చెలిన్‌లో రొట్టెల బట్టీ గురువారానికి జరిగింది.
కెహుయ్‌లో ఎవరో ఓర్ఫెలినా, కొత్త కోడలు, కొత్త పొయ్యి.
టీ మరిగేలోపు అయిపోతుంది.
మూడో మనిషి చెయ్యి తగలదు.

మార్చిలో ఎలియెసెర్ పైయాకార్ పోయాడు.
పూడ్చి వచ్చిన సాయంత్రమే, పడవలోనే,
నొల్బెర్తో అతని పేరు చెరిపేశాడు.
చేతులు దులుపుకోవడానికి కాదు.
తెర మీద ఆ పేరు కనపడుతుంటే
చుక్కాని నిలవలేదట.
నాకు చెప్పలేదు.
అంతకు రెండ్రోజుల ముందు, ఇక్కడ,
అదే పేరు కింద నేనొక ముక్క చేర్చాను:
ఎడమవైపు ఇటుక పగిలింది.
మెట్టు మీద కుక్క పడుకుంటుంది, తొక్కొద్దు.

శనివారం తీగ కలిపాం.
యంత్రాలకి తెలిసిన న్యాయం ఒక్కటే,
ఆఖర్న రాసినవాడి మాట చెల్లుతుంది.
కానీ పడవ యంత్రంలో
చొక్కా గుండీ అంత బ్యాటరీ ఒకటి
పోయిన చలికాలమే చచ్చిపోయింది.
మూత తెరిచినప్పుడల్లా దానికి
పదకొండేళ్ళ కిందటి జనవరి ఒకటి.
ఆ లెక్కన ముసలాయన చావు పాత కబురు.
పగిలిన ఇటుక కొత్త కబురు.
చెరిపేసిన పేరు
రెండు చోట్లా వచ్చి కూచుంది.

నొల్బెర్తో చాలాసేపు చూశాడు.
"ఈదుకుంటూ వచ్చేశాడు, ఎదెల్మీరా" అన్నాడు.
నవ్వబోయాడు.
ముక్కు తుడుచుకుని తీగ చుట్టడం మొదలెట్టాడు,
చుట్టిందే మళ్ళీ విప్పి చుట్టాడు.

కొత్త బ్యాటరీ నేనే కొన్నాను.
రెండు వారాలు నా జేబులోనే తిరిగింది.
స్క్రూడ్రైవరు దొరకలేదని చెప్పాను.
స్క్రూడ్రైవరూ ఆ జేబులోనే ఉంది.

ఏప్రిల్ తొమ్మిదిన నా యంత్రం మోగింది.
పైయాకార్ ఇల్లు, పొగగొట్టం, ఉదయం పది.
పడవలోది మోగలేదు,
దానికింకా జనవరే.
బ్రష్షులు సర్దుకున్నాం, ఎందుకని ఎవరం అనలేదు.
అడ్డంగా కొడుతున్న వానలో
రేవు చేరేసరికి పదకొండు దాటింది.

తాళం లేదు. పొయ్యి రాయిలా ఉంది.
నేను పైకెక్కాను, అతను కింద గోనె పట్టాడు.
ఏడాది మసి, తట్టెడు.
అతను చలి కాచుకున్న రాత్రులన్నీ కలిపి
అంతే బరువు.
పగిలిన ఇటుక చుట్టూ సిమెంటు మెత్తాను.
వాన దాన్ని ఉండనిచ్చిందో లేదో.
డబ్బు ఎవరిస్తారన్న మాట రాలేదు.
మెట్టు మీద కుక్క ఉంది.
తొక్కలేదు.

తిరుగు దారిలో
ఇంజను చప్పుడు మీంచి నొల్బెర్తో అరిచాడు,
"దానికి తిండి ఎవరు పెడుతున్నట్టు?"
నాకేం తెలుసు.

రాత్రి షెడ్డులో కూచుని
ఆ పేరు కింద ఇంకో ముక్క చేర్చాను:
ఉడకేసిన దుంప ముట్టలేదు. ఈసారి చేప తేవాలి.
శనివారం దాకా ఆ సంగతి నా దగ్గరే ఉంటుంది.